తమ్ముడి మీద గుప్పెడు మట్టి

తెర పక్క నుంచి తొంగి చూసింది ఫేబీ. ముందు వరుసలోనే కూర్చుంది అమ్మ.

ఆడుతున్నది పాత గ్రీకు విషాద నాటకం. రాజాజ్ఞను కాదని తమ్ముడి శవం మీద మట్టి వేసే అక్క వేషం ఫేబీది. శవంగా పడుకోవలసిన కుర్రాడు పొద్దున జ్వరమంటూ మొహం చాటేశాడు. దాంతో ఆ చోట సొంత తమ్ముడు ఆరన్‌నే పడుకోబెట్టింది. ఆ సంగతి అమ్మకు చెప్పే ధైర్యం రాలేదు.

ఆ ఏడాది కెనడాలోని విన్నిపెగ్‌లో ఏ కాలేజీ చూసినా మనవాళ్లే. కాకినాడ నుంచి ఈ అక్కాతమ్ముళ్లూ ఆ గుంపులోనే వచ్చిపడ్డారు. మొన్న చలికాలంలో ఆరన్ కారు మంచు మీద జారి బోల్తా కొట్టింది. వాడు ఐసీయూలో ఉండగానే అమ్మ రూపవతి విజిటర్ వీసా మీద పరుగెత్తుకొచ్చింది. శకునాలు మనకి లేవని చర్చిలో అందరికీ బుద్ధి చెప్పే మనిషే, ఇంట్లో వాడు తల మీదికి దుప్పటి కప్పుకుంటే మాత్రం చటుక్కున లాగేస్తుంది.

ముఖం మీద గుడ్డ ఉంటుంది, గుర్తుపట్టదులే అనుకుంది ఫేబీ. తీరా మట్టి పోస్తుంటే గుడ్డ కాస్తా జారింది.

రూపవతి లేచింది. ఎవరూ ఆపేలోగా స్టేజి ఎక్కి, కొడుకు ముఖం మీది మట్టిని కొంగుతో తుడవసాగింది. నిజానికి ఆ మట్టి దులపవలసింది రాజభటులు. వాళ్లు నోళ్లు తెరుచుకుని పక్కనే ఉండిపోయారు. చూసేవాళ్లు ఇదీ నాటకమే అనుకున్నారు.

"లే నాన్నా, లేరా..."

ఆరన్ బిగుసుకుని పడుకున్నాడు. అమ్మ ఇంకా తుడుస్తూనే ఉంది. ఫేబీకి ఏడుపు ముంచుకొచ్చింది. నాటకం పోతే పోయింది.

"కళ్లు తెరువురా" అంది తమ్ముడితో.

వాడు ఒక కన్ను తెరిచాడు. "బానే ఉన్నానే అమ్మా. వెళ్లి కూర్చో."

రూపవతి వాడి చెంప తడిమింది. గుడ్డను మెడ వరకే కప్పి, కూతురి ముఖం చూడకుండా దిగి వెళ్లింది.

రాజు వచ్చాడు. నా ఆజ్ఞ మీరి ఈ పని చేసిందెవరని ఇంగ్లిష్‌లో గర్జించాడు. అతని కళ్లలోకి చూసి తలెత్తి జవాబు చెప్పాలి. ఫేబీ ముందు వరుస వైపు తిరిగింది.

"నేనేనమ్మా" అంది తెలుగులో.