మైనస్ తొంభై తొమ్మిది

సైన్సు విద్యార్థులకు కంప్యూటరుతో లెక్కలు కట్టడం నేర్పే ఆయన్ని కాలేజీలో అందరూ మెట్ల మాస్టారు అనేవారు. ఏ సమస్యనైనా మెట్లు మెట్లుగా విడగొట్టాలని, కంప్యూటరు ఏం చెప్పినా మన బుర్రతో ఓసారి సరిచూసుకోవాలని ఊదరగొట్టేవాడు. తన దగ్గర చదివినవాళ్ళలో ఒక్కరైనా సొంతంగా ఆలోచించాలన్నదే ఆయన ఆశ. వినడానికి బాగానే ఉంటుంది.

మొదటి పరీక్షలో, ల్యాబులోని చేపల తొట్టి నీళ్ళ వేడి వంద కొలతలుగా ఇచ్చి సగటు కట్టమన్నాడు. ప్రోగ్రాము ఆయనే రాసిచ్చాడు. క్లాసంతా పద్దెనిమిది డిగ్రీలని తేల్చింది. మూడో బెంచీ అమ్మాయి ఒక్కతే ఐదు కొలతలు కొట్టేసి ఇరవై నాలుగని రాసింది. మాస్టారు సున్నా చుట్టాడు. ఆ పిల్ల అడగడానికొస్తే, "నచ్చని అంకెలు తీసేస్తే అది సైన్సు కాదు తల్లీ, మోసం. ముందు చెప్పింది చెప్పినట్టు చెయ్యడం నేర్చుకో" అని అందరి ముందూ కసిరి పంపేశాడు. క్లాసు పగలబడి నవ్వింది.

నెల తిరిగింది. చివరి పరీక్ష పేపర్లు దిద్ది, టీ తాగుతూ ల్యాబులోకి వెళ్ళాడు. అటెండరు తొట్టి దగ్గర థర్మామీటరు వైరు బిగిస్తూ గొణుగుతున్నాడు.

"ఇది ఊడితే చాలు సార్, మైనస్ తొంభై తొమ్మిదని చూపిస్తూ కూర్చుంటుంది."

మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. పాత కొలతల ఫైలు మొదటిసారి తెరిచి చూశాడు. అవును, మొదటిసారే. ఐదు చోట్ల మైనస్ తొంభై తొమ్మిది. నీళ్ళు అంత చల్లబడితే చేపలు బతుకుతాయా? చిన్నపిల్లలైనా చెబుతారు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

తిన్నగా క్లాసుకెళ్ళి అందరి ముందూ ఒప్పుకున్నాడు.

"తప్పు నాదమ్మా. నువ్వు చేసిందే సైన్సు. నన్ను క్షమించు."

ఆ అమ్మాయి లేచి నిలబడింది. మొహంలో సంతోషం లేదు.

"చివరి పరీక్షక్కూడా ఆ తొట్టి కొలతలే ఇచ్చారు కదా సార్. అందులోనూ అవి కనబడ్డాయి. ఈసారి తియ్యలేదు. మీరు చెప్పినట్టే చేశాను."

మాస్టారు గబగబా గదికొచ్చి, దిద్దిన పేపర్ల కట్ట విప్పి ఆమె పేపరు వెతికాడు. పదికి పది. కింద పొద్దున తన చేత్తో రాసిన ముక్క: "శభాష్, ఇప్పుడు దారిలో పడ్డావు."