బంతి లేనివాళ్లు

పొద్దున ఎనిమిది కాకముందే విద్యావతి మూడు టిఫిన్ డబ్బాలు సర్దింది. భర్తకొకటి, కూతుళ్లిద్దరికీ చెరొకటి. నాలుగోది, తనది, సర్దబోయేసరికి గిన్నెలో మాడిన ఉప్మా అడుగు మిగిలింది. దాన్నే గీకి పెట్టుకుంది. పెళ్లయిన పన్నెండేళ్లుగా ఆ అడుగు దారి తప్పకుండా ఆమె డబ్బాలోకే వస్తోంది.

"కాయితం సంచిల పెట్టుకున్నవా?" శ్యామ్‌సుందర్ గుండీలు పెట్టుకుంటూ అడిగాడు. అతను దఫ్తర్లో క్లార్కు, దరఖాస్తులు రాయడంలో చేయి తిరిగినవాడు. ఇంటి బాధ్యతల వల్ల టీచరు శ్రీమతి విద్యావతి ఇకమీదట బడిలో ఆటల డ్యూటీ చేయలేరని చక్కటి ఇంగ్లీషులో రాత్రే రాసిపెట్టాడు. ఆమె సంతకం ఒక్కటే తక్కువ. "ఆరింటిదాంక నువ్వు గ్రౌండ్ల ఉంటే ఇంట్ల చాయ్ ఎవరు పెట్టాలె? ఇయ్యాల ఇచ్చెయ్యి."

అత్త జయమ్మ వక్క కత్తిరిస్తూ అందుకుంది. "ఆడిపిల్లలకు గా హాకీ కర్రలెందుకు? నలభై ఏండ్లు అందరు తిన్నంకనే తిన్న, అందరు పన్నంకనే పన్న. నాకేమైంది?"

ఏమైందో విద్యావతికి తెలుసు. ఆ నలభై ఏళ్లలో జయమ్మ ఒక్కనాడూ వేడన్నం తినలేదు. కానీ అత్తతో ఆ మాట ఎలా అంటుంది? తలూపి చెప్పులేసుకుంది.

నాంపల్లి స్టేషను దాటి ఆబిడ్స్‌లోని బడికి నడుస్తున్నంతసేపూ ఆ కాగితం సంచిలో రాయిలా బరువుగా ఉంది. కాలేజీలో మూడేళ్లు హాకీ ఆడిన మనిషి ఆమె. బడిలో కర్ర పట్టడం తెలిసిన టీచరు ఇంకొకరు లేరు. వచ్చే నెలలోనే బడుల మధ్య పోటీలు, ఈ పిల్లలకు అదే మొదటిసారి. తాను సంతకం పెడితే ఆ జట్టు అక్కడితో సరి. పెట్టకపోతే రోజూ సాయంత్రం ఇంట్లో ముఖాలు మాడ్చుకుంటారు. పన్నెండేళ్లుగా మాడిన ముఖాలకు భయపడే ఆమె మాడిన ఉప్మా తింటోంది.

ఆ రోజు బడిలో సినిమా. సమాచార శాఖ ఆఫీసు చుట్టూ రెండుసార్లు తిరిగి ఆడవాళ్ల హాకీ మ్యాచి రీలు తనే సంపాదించింది. ఆపరేటర్ సాయన్న ప్రొజెక్టరు పట్టుకొచ్చాడు. కిటికీలకు జంపఖానాలు కట్టి, గోడకు తెల్ల దుప్పటి వేలాడదీశారు. నాయకత్వమంటే ఏమిటో, కలిసి ఆడటమంటే ఏమిటో ఈ రీలు చూస్తే పిల్లలకు తెలుస్తుందని ఆమె ఆశ. పావుగంటలో బొమ్మ అయిపోయింది. కెప్టెన్ ఏం చేస్తుందో తలా రెండు వాక్యాలు రాయమంది.

కాగితాలు చదువుతుంటే నవ్వు రావాల్సింది, రాలేదు. కెప్టెన్ అందరికంటే ముందొచ్చి గ్రౌండు ఊడుస్తుందని ఒకమ్మాయి రాసింది. అందరి కర్రలూ మోస్తుందని ఇంకొకమ్మాయి. జట్టు కెప్టెన్ నర్మద మరీ ముద్దుగా రాసింది: "కెప్టెన్ అందరికి నీళ్లు ఇచ్చినంక మిగిలితే తాగుతది."

రాయడమే కాదు, ఆ పిల్ల చేసేదీ అదే. పదకొండు కర్రలూ తనే మోసుకొస్తుంది, అందరి జడలూ తనే బిగిస్తుంది. ఆట మొదలయ్యాక బంతి ఎటుపోతే అటు తనే ఉరికి, పది నిమిషాల్లో రొప్పుతూ కూలబడుతుంది.

"ఇది రీల్ల ఏడ చూసినవు నర్మదా?"

"రీల్ల లేదు టీచర్. మా ఇంట్ల అమ్మ గట్లనే చేస్తది. పెద్దగున్నోళ్లు గట్లనే చెయ్యాలె గద."

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది విద్యావతికి. ఈ పాఠం వీళ్లకు ఇళ్లల్లో ఎవరు నేర్పారు? తనలాంటి వాళ్లే. ఇంట్లో తన కూతుళ్లిద్దరూ రోజూ ఏ రీలు చూస్తున్నారో తలుచుకుంటే సిగ్గేసింది, ఆ వెనకే కోపమొచ్చింది.

"సాయన్నా, మళ్లొక్కసారి వెయ్యి," అంది. పిల్లలవైపు తిరిగింది. "ఈసారి బంతిని చూడకున్రి. బంతి లేనోళ్లను చూడున్రి. కెప్టెన్ బంతిని ఎన్నిసార్లు ముట్టిందో లెక్కపెట్టున్రి."

దుప్పటి మీద ఆట మళ్లీ మొదలైంది. పిల్లలు గట్టిగా లెక్కపెట్టారు. తొమ్మిదిసార్లు ముట్టింది, తొమ్మిదిసార్లూ ఇంకొకరికి అందించింది.

"మిగిలిన సేపు ఏం జేసింది?"

నర్మద నెమ్మదిగా లేచింది. "చెయ్యి చూపించింది టీచర్. నువ్వు గీడికి రా, నువ్వు గాడికి పో అని. వాళ్లు పోయిన్రు."

"ఎవరన్న కాదన్నరా?"

"ఎవ్వరనలే," అని ఆ పిల్ల మొదటిసారి తలెత్తి నవ్వింది. ఆ సాయంత్రం గ్రౌండులో ఎవరి కర్ర వాళ్లే తెచ్చుకున్నారు. నర్మద మధ్యలో నిలబడి చెయ్యి చూపించింది, ఆట అయ్యేదాకా రొప్పలేదు.

విద్యావతి ఇల్లు చేరేసరికి ఆరున్నర. పొయ్యి చల్లగా ఉంది. శ్యామ్‌సుందర్ పేపరు చాటున ఉన్నాడు.

"ఇచ్చినవా కాయితం?"

"లేదు. మీకే తెచ్చిన."

అతను అందుకుని తిరగేశాడు. వెనకవైపు ఆమె అక్షరాలు. కెప్టెన్: విద్యావతి. సాయంత్రం చాయ్: శ్యామ్‌సుందర్. కూరగాయలు తరగడం: పెద్దమ్మాయి. కంచాలు పెట్టడం: చిన్నమ్మాయి. అడుగున ఇంకొక వరస ఉంది: అత్తమ్మ, అందరితోపాటు కూర్చుని వేడిగా తినడం.

"ఇదేంది విద్యా?"

"ఇంటి టీము," అంది ఆమె. వంటింటివైపు పోకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. "చాయ్ మీ వంతు. నాకు జర చక్కెర ఎక్కువెయ్యిన్రి."

అతను తల్లివైపు చూశాడు. కోడలిని నాలుగు మాటలంటుందని ఎదురుచూశాడు. జయమ్మ కాగితం అడిగి తీసుకుని, తన గురించి రాసిన వరస వేలుపెట్టి రెండుసార్లు చదువుకుంది.

"నాకు చక్కెర వద్దు శ్యామూ," అంది. "వేడిగ తే."