కాశులమ్మ నాకు అప్పగించిన మనిషి

నేను ఒక ఇసుక దిబ్బనండి. గోదారి సముద్రంలో కలిసే చోట, ఒడ్డుకు రెండు మైళ్ల దూరంలో ఉంటాను. ఉంటానని చెప్పుకోడానికే సిగ్గేస్తోంది. పోటొస్తే ఇప్పుడు నా మీద మోకాటిలోతు నీళ్లు.

నన్నెవరూ పనిగట్టుకుని కట్టలేదు. ఏటా వరదకి గోదారి మోసుకొచ్చిన మట్టి ఇక్కడ పేరుకుని పేరుకుని, ఓనాటికి పైకి తేలాను. మడచెట్లు మొలిచి వేళ్లతో నన్ను పట్టుకున్నాయి. తాగడానికి చుక్క మంచినీళ్లు లేవు కాబట్టి ఎవరూ కాపురం పెట్టలేదు. చేపల వేటకొచ్చినవాళ్లు వలలారేసుకుని, గంజి కాచుకుని పోయేవారు.

ఓ తుపానులో ధనకోటి అనే అతని పడవ తిరగబడింది. మూడోనాడు అల అతని శవాన్ని నా మీద పడేసింది. గంగమ్మ ఎక్కడ ఒడ్డున పెడితే అక్కడే మట్టి చెయ్యాలి, మళ్లీ నీళ్లు దాటించకూడదు. అది వాళ్ల ఆచారం. అతని భార్య కాశులమ్మ గుంటలో పిడికెడు ఇసుక వేసి, నా మీద చెయ్యి ఆనించి, "జాగ్రత్తగా చూసుకో తల్లీ" అంది. నన్ను తల్లీ అన్నది ఆవిడొక్కతే. ఆ నెలలోనే సర్వేవాళ్లొచ్చి, 'మనుషులెవరూ లేరు' అని రాసుకుపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాత వాళ్లు చేసిన పనే నా కొంప ముంచింది. నక్కలు తోడేస్తాయని సమాధి చుట్టూ దడి కట్టారు. రెండు మైళ్ల సముద్రం ఈదొచ్చే నక్క ఎక్కడుందండీ? ఊరి శ్మశానంలో కడతారు కాబట్టి ఇక్కడా కట్టారు, అంతే. ఉప్పుగాలికి దడి ఏటా పుచ్చిపోయేది. ఏటా కొత్తది కట్టేవారు. కర్రకి నా మడచెట్లే నరికేవారు. మొగుడి మీద ప్రేమ కొద్దీ కాశులమ్మే కత్తి పట్టేది. పదకొండేళ్లలో సముద్రం వైపు ఒక్క చెట్టు మిగల్లేదు. ఎగువన ఆనకట్టలు లేచాక గోదారి తెచ్చే మట్టీ తగ్గిపోయింది. ఇక నన్ను కోత పట్టుకుంది.

నిరుడు నీళ్లు దడిని తాకాయి. "ఎముకలన్నా తవ్వి ఊరికి పట్టుకుపోదాం" అని కాశులమ్మ మరిదిని బతిమాలింది.

"ఆచారం కాదొదినా, పెద్దలు ఒప్పుకోరు" అన్నాడతను తల దించుకుని.

మొన్న వైశాఖ పున్నమి పోటుకి దడి పోయింది. ఆ వెనకే సమాధిలోని ధనకోటీ కొట్టుకుపోయాడు. పట్టుకోడానికి నాకేముందండీ, వేళ్లా, చేతులా? నమ్మి ఒక్క మనిషిని అప్పగిస్తే దాచలేకపోయాను.

వేసవి నిషేధం తీరి మళ్లీ వేట మొదలైన రోజున కాశులమ్మ మొగుడి సమాధి దగ్గర పెట్టడానికి అన్నం గిన్నెతో వచ్చింది. మరిది పడవని నా మీదే రెండుసార్లు తిప్పాడు.

"ఎక్కడయ్యా?" అందావిడ.

"ఇక్కడే ఎక్కడో వదినా."

నన్ను ఒక్క మాట తిట్టినా బాగుండేది. ఎక్కడ పెట్టాలో తెలీక, ఆ అన్నం ఒళ్లో పెట్టుకుని అలాగే ఇంటికి తిరిగి వెళ్లిపోయింది.