అంట్లు తోమే హీరో

కడిగిన పళ్లేలకే ఆమె మళ్లీ కేకు పూస్తోంది. టేకు టేకుకీ సింకులో అంట్లు కొత్తగా కనిపించాలి మరి. తీస్తున్నది చవకలో క్రిస్మస్ ప్రేమకథ. డైరెక్టరు ఆమె మొగుడు. సెట్టేమో అద్దె అక్కర్లేని వాళ్ల వంటిల్లు. బయట ఎండ మాడ్చేస్తోంది, లోపల హీరో ఉన్ని స్వెట్టరులో ఉడికిపోతున్నాడు.

పెళ్లయిన కొత్త. మొదట్లో ఆమెకు అంతా సరదాగానే ఉంది. దిండ్లు చింపి దూదిని మంచు చేసింది. కిటికీ పైనుంచి రాలుస్తుంటే ఒక పీచు మొగుడి కనుబొమ్మ మీద వాలింది. ఉఫ్‌మని ఊదింది. ఆ ఒక్క ఊదుడు కోసం ఇంట్లో దిండ్లన్నీ చింపినా ఫరవాలేదనుకుంది. యూనిట్ మొత్తానికి వండి వార్చింది. "మనింటి పనేగా తల్లీ," అంది అత్తగారు, కుర్చీలోంచి కదలకుండా షూటింగ్ చూస్తూ.

సీను ఇదీ: హీరో స్వెట్టరు చేతులు పైకి మడిచి, హీరోయిన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "అలిసిపోయావు. ఈ అంట్లు నావి," అంటాడు. పెళ్లికి ముందు ఒకరోజు ఫోనులో ఆయన "నీకెలాంటి మొగుడు కావాలి?" అనడిగితే, ఆమె సిగ్గుపడుతూ చెప్పిన మాట అది. గుర్తుపెట్టుకున్నాడే అని సీను చదివినప్పుడు పొంగిపోయింది కూడా!

"ఆడాళ్లు ఈ సీనుకి పడిపోతారు చూడండి," అంటున్నాడాయన నిర్మాతతో.

"సెట్టు పనికి మనిషిని పెట్టావా?"

"దండగ కదండీ. మా ఆవిడ ఉందిగా, ఇంట్లో ఊరికే."

ఊరికే! ఆమె చేతిలో పళ్లెం ఆగిపోయింది. దిండ్లు ఊరికే చిరిగాయా? ఇంతమంది కడుపులు ఊరికే నిండాయా? హీరో కాస్త నురగ రాసి, కట్ అనగానే చేతులు దులుపుకుంటాడు. ఆ నురగ కింది జిడ్డు వదిలించేది ఎవరు? నా కోరిక తీసుకెళ్లి ఊళ్లో ఆడవాళ్లందరికీ చూపిస్తాడట, నాకు తప్ప.

"ప్యాకప్!" అని అరిచి, ఆయన ఆమె వైపు తిరిగాడు. "బంగారం, ఆ సింకు సంగతి కాస్త చూడవా."

ఆమె వెళ్లి హీరోయిన్ కుర్చీలో కూర్చుంది. కాళ్లెత్తి ఎదురు స్టూలు మీద పెట్టుకుంది.

"ఇంకో టేకుందండీ."

"ఏ సీను?"

"ఇదే. ఈసారి మీరు."

కెమెరా అబ్బాయి కిసుక్కున నవ్వాడు. ఆయనా నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు.

"స్పాంజి అక్కడే ఉంది. కట్ మాత్రం నేను చెబుతాను."