ముందే వెళ్ళిన కణాలు

నేను చొక్కాకి ఇస్త్రీ చేస్తుంటే ఎన్సియో వెనకనుంచి అన్నాడు: “అదయ్యాక ఎలుకల ఊపిరితిత్తుల బొమ్మలు కూడా సర్దిపెట్టు. రేపు నా ఉపన్యాసం.” రేపు పొద్దున్నే మా అక్క కైసుని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళాలన్నాను. “ఆవిడ ఎక్కడికీ పోదుగా,” అన్నాడు నా మొగుడు.

పందొమ్మిదేళ్ళుగా తుర్కు నగరంలో ఆయన ప్రయోగశాలలోనే పనిచేస్తున్నాను. ఎలుకల ఊపిరితిత్తుల్ని పల్చగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినిలో కణాలు లెక్కపెట్టడం నా పని. రొమ్ములో గడ్డ ఉన్న ఎలుకల ఊపిరితిత్తుల్లో, క్యాన్సర్ ఇంకా చేరకముందే తెల్లకణాలు గుంపులుగా చేరి ఉండటం మొదట చూసింది నేను. క్రిములతో పోరాడాల్సిన కణాలవి. “రంగు సరిగ్గా పట్టలేదు, మళ్ళీ చెయ్,” అన్నాడు. మూడుసార్లు చేశాను. వసంతం వచ్చేసరికి అది ఆయన సిద్ధాంతమైంది. వ్యాసం చివర కృతజ్ఞతల్లో నా పేరు. అడిగితే నవ్వాడు: “ఒకే ఇంట్లో ఉన్నాం, పేరు ఎవరిదైతేనేం?” నాకూ నిజమేననిపించింది. అలా అనిపించడం నాకు అలవాటు.

బొమ్మలు సర్ది, మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఆస్పత్రికి చేరలేకపోయాను. కైసు ఆక్సిజన్ గొట్టం సరిచేసుకుంటూ అడిగింది.

“మీ అత్తగారు వచ్చి వెళ్ళిందే. లోపల దిగులు పెట్టుకున్నందుకే రొమ్ములోది ఊపిరితిత్తులకి పాకిందట. నిజమేనా ఇర్యా? నేనే తెచ్చుకున్నానా?”

“కాదక్కా. గడ్డ మన కణాల్నే మాయ చేస్తుంది. కాపలా కాయాల్సినవే ముందుగా వెళ్ళి దానికి చోటు చేసిపెడతాయి. ఎలుకల్లో కళ్ళారా చూశాం. ఇందులో నీ తప్పేం లేదు.”

కైసు ఏడ్చింది, రెండేళ్ళ బరువు దిగినట్టు. “ఇంత మంచిమాట ఎవరూ చెప్పలేదే నాకు. ఎవరు కనిపెట్టారిది?”

“ఎన్సియో,” అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

“మీ ఆయన్ని ఊరికే తిట్టుకున్నాను. నా తరఫున థాంక్స్ చెప్పు.”

ఆ శుక్రవారం పొద్దున్న కైసు పోయింది.

ఖననమయ్యాక చర్చి హాల్లో అందరికీ కాఫీ పోస్తున్నాను. మా అత్తగారు హిల్క నిట్టూర్చింది: “పోనీలే, మా వాడు కనిపెట్టినదానివల్ల రేపు ఇంకొకరైనా బతుకుతారు.” ఎన్సియో తలవంచుకుని వినయంగా నవ్వాడు.

“అది కనిపెట్టింది నేనండీ,” అన్నాను.

హిల్క తన కప్పు బల్లమీద పెట్టేసింది.

“ఇర్యా... ఇప్పుడా?” అన్నాడు ఎన్సియో.

నిజమే, ఇప్పుడా. వినాల్సిన మనిషి మీద గంట క్రితమే మట్టి వేసి వచ్చాం.