పొగమాట

వర్షర్తువు తుదిదశ నొందుచుండ గౌతమీజలములు లంకభూములను విడిచి వెనుదీయుచు రెల్లుదుబ్బుల మొదళ్లయందు నల్లని యొండ్రుమట్టిని మిగిల్చిపోవఁగా ఆ బురదయే పుట్టినిల్లుగా నసంఖ్యాకముగా జనించిన నుసుములు సంధ్యాసమయమున ధూమవర్ణమేఘములై లేచి లంకపల్లెపైఁ గవియుచుండెను. ఆవగింజలో సగమైనను లేని యా క్షుద్రకీటకములు దోమలవలెఁ బాడి హెచ్చరింపవు. దోమతెర సందులఁ దూఱును, కనుఱెప్పల నంటును, చెవులఁ జొచ్చును, కఱచిన చోటెల్ల నిప్పురవ్వ పడినట్లు మండి తెల్లవాఱునప్పటికి దద్దురులై పొంగును. భగవంతుఁడు వీనిని దేనికై సృజించెనో యడుగవలెనని యీ కథకునకుఁ జిరకాలముగాఁ గోరిక కలదు.

వీనికి విరుగుడు పొగ యొక్కటే. ఎండుపిడకల నిప్పుపై పచ్చివేపాకును తడిగడ్డిని వేసి మొదట గొడ్లకును పిమ్మట మనుష్యులకును పొగబెట్టుట యచటి వాడుక. అయితే ఆ మాటకు మన భాషలో వేఱొక యర్థము కూడఁ గలదు. ఇంటనున్నవారిని సూటిపోటిమాటలతో వేధించి తమంతఁ దామే వెడలిపోవునట్లు చేయుటయు పొగబెట్టుటయే. ఈ రెండవ యర్థమును పేరమ్మ యనుభవించి నేర్చుకొన్నది.

భర్త గతించిన పిమ్మట ఏటి కావలియొడ్డున నున్న యత్తవారింట మఱఁదులును తోడికోడండ్రును ఆమెకు అట్టి పొగనే పెట్టఁగా గుడ్డలమూటతో తమ్ముఁడైన గవర్రాజునింటికి వచ్చి చేరెను. గవర్రాజు మితభాషి. అతని భార్య బంగారమ్మ మంచిదే కాని నవ్వుమొగము కాదు. కావునఁ బేరమ్మ తినెడి ప్రతిముద్దకును లోలోనఁ గుంచించుకొనిపోవుచు వానకాలమున ఎండుపిడకలకుఁ గఱవని తలంచి తన మంచముకడకుఁ గుంపటి తేనీయక రేయెల్ల గోకికొనుచు మూలుగుచుండెను. ఈ గడపయుఁ దప్పినచో నామెకు వేఱొక గడప లేదు.

ఒకనాఁటి సాయంకాలము తడికచాటునఁ గూర్చుండి బియ్యమేఱుచున్న పేరమ్మకుఁ బెరటిలోని మాటలు వినవచ్చెను.

"ఇంక నెన్నాళ్లని చూచుచు నూరకుందుము? నేఁడు చీఁకటి పడకమునుపే అక్కకు పొగబెట్టుము" అని గవర్రాజనెను.

"అట్లే చేసెదను. వదినగారితో ముందుగాఁ జెప్పకుఁడు. తెలిసినచో నడ్డుపడును" అని బంగారమ్మ బదులు పలికెను.

పేరమ్మ చేఁటలోని బియ్యము నేలపాలయ్యెను. అయ్యో! పరులు చేసినపుడు ఏడ్చి యోర్చుకొన్నది. తాను చంకనెత్తుకొని పెంచిన తమ్ముఁడు చేసినపుడు ఏడ్చుటకైనను నోరు రాలేదు. పొమ్మనకమునుపే పోవుట మర్యాద యని నిశ్చయించుకొని ఆ మూటయే మరల చేతఁ బట్టి దొడ్డిదారిని రేవునకు నడచెను. నుసుములు లేచు వేళ పడవ నడపువాఁ డెవ్వఁడు? పడవ గుంజకుఁ గట్టఁబడి యుండెను. ఆవలియొడ్డునఁ దన్ను రమ్మనువారు లేరు; ఈవలి యింటికి మరలుటకు మొగము చెల్లలేదు. ఆ యభాగ్యురాలు రెల్లుదుబ్బుల నడుమఁ గొంగు ముసుఁగిడుకొని కూర్చుండెను. నుసుము లామెపైఁ గవిసెను.

అంతలో బంగారమ్మ దాఁచియుంచిన యెండుపిడకలతోఁ గుంపటి రాఁజేసి తెచ్చి మంచము వట్టిదై యుండుటఁ జూచెను. భార్యాభర్త లిరువురును ఇరుగుపొరుగిండ్లన్నియు వెదకిరి. రేవు మాత్రము వారికిఁ దోఁపలేదు. ఆమె యిల్లు విడిచిపోవుటకుఁ గారణ మేదియు లేదని వారి నమ్మకము.

తెల్లవాఱినపిమ్మట పడవవాఁడు పెట్టిన కేక విని గవర్రాజు పరుగెత్తెను. మొగమెల్ల వాచి కన్నులు మూసికొనిపోయి దేహము పెనమువలెఁ గాలుచున్న యక్కను గుర్తింపలేక మొదట మూటను గుర్తించెను. ఎత్తుకొని వచ్చి మంచముపైఁ బరుండఁబెట్టఁగా ఆ ప్రక్కనే రాత్రినుండి యారక యున్న కుంపటి పొగ యామె ముక్కునకు సోఁకెను.

"ఇంకను పొగబెట్టుచునే యున్నావా నాయనా? నేను వెడలిపోయితిని గదా" అని పేరమ్మ గొణిగెను.

బంగారమ్మ కొంగు నోటఁ గ్రుక్కుకొనెను.

"నుసుములకక్కా! నీవు రేయెల్ల మూలుగుచుంటివని నుసుములకే పెట్టుమంటిని" అని గవర్రాజు గొల్లుమనెను.

పేరమ్మ చేయి తడవుచుఁ బోయి తమ్ముని తలపై నిలిచెను. వాచిన పెదవులపై నవ్వువంటి దేదో కదలెను. "ఆ ఒక్క ముక్క ముందే యనరాదా తమ్ముఁడా!" అనెను.

వైద్యుఁడు వచ్చెను, మందు నిచ్చెను. జ్వరము మాత్రము దిగలేదు. మఱునాఁడు నుసుములు లేచు వేళకుఁ బేరమ్మ కన్నుమూసెను.

ఆ పిమ్మట నా యింట గొడ్లకైనను పొగబెట్టుమని యెవ్వరు ననలేదు. మితభాషి యైన గవర్రాజు ప్రతిసంధ్యయందును గొడ్లచావడికిఁ బోవక మునుపే ఆ వట్టిమంచముకడఁ గుంపటి నుంచి "అక్కా, ఇది నుసుములకు" అని పైకి వినఁబడునట్లు చెప్పి వచ్చుచుండెను.