మిషన్ మూడు, వాచీ ఒకటిన్నర

భర్త తనతో అబద్ధం చెబుతున్నాడన్న అనుమానం అపర్ణకు వంకాయలు తరుగుతుండగా వచ్చింది.

విజయసారథి అప్పుడే జిమ్ నుంచి వచ్చి, గుమ్మం పక్కన బూట్లు విప్పి, "మూడు కిలోమీటర్లు అయిందోయ్" అంటూ స్నానానికి వెళ్ళిపోయాడు. ఆమె చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది. అతని చేతి వాచీ లెక్క అప్పటికే ఫోన్‌లోకి వచ్చేసింది. ఒకటిన్నర అని ఉంది. వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి మళ్ళీ చూసింది. ఒకటిన్నరే.

ఆ వాచీ కూతురు సునీల కొన్నది. బీపీ ఉందని, రోజూ నడవాలని విజయసారథికి డాక్టరు చెప్పిన కొత్తలో తెచ్చి, "నాన్న ఎలాగూ చూసుకోరు, నువ్వు చూస్తూ ఉండమ్మా" అని దాని యాప్ తల్లి ఫోన్‌లో పెట్టి వెళ్ళింది. గుంటూరులో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉండేది. కిందటి వానాకాలం జ్వరం వచ్చింది. ఎప్పుడు ఫోన్ చేసినా తగ్గిపోయిందనే చెప్పింది. వీళ్ళు తెనాలి నుంచి వెళ్ళేసరికి పిల్ల ఆస్పత్రిలో ఉంది. మళ్ళీ ఇంటికి రాలేదు.

అప్పటి నుంచి అపర్ణ ఎవరి మాటనూ ఊరికే నమ్మడం మానేసింది. బళ్ళో పిల్లలు హోంవర్క్ చేశామంటే సంచీ తెరిపించి చూస్తుంది. గ్యాస్ కట్టేశానని తనకు తాను చెప్పుకున్నా మళ్ళీ లేచి వెళ్ళి చూస్తుంది. భర్త దగ్గర ఆమె కోరేది ఒక్కటే. మంచైనా చెడైనా నిజం చెప్పాలి. ఇంట్లో మిగిలింది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు దాచడం మొదలుపెడితే ఇక ఆ ఇంట్లో ఎవరితో ఎవరు ఉన్నట్టు?

మర్నాడు అతను మళ్ళీ "మూడు" అన్నాడు.

"మూడేనా?"

"మూడే. నడిచే మిషన్ మీద ఎర్రగా ఇంతింత అంకెలు పడతాయిగా."

"మరి వాచీలో?"

"దాని అక్షరాలు నాకెక్కడ కనపడతాయే? కళ్ళజోడు తీసేసి కదా నడిచేది." తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అన్నాడు. ఆ తువ్వాలు మొహం మీద కాస్త ఎక్కువసేపే ఉందని ఆమెకు తోచింది.

ఫోన్‌లో పాత రోజులు వెనక్కి తిప్పి చూసింది. ఉగాది దాకా అతని మాటా వాచీ మాటా ఒకటే. ఆ తర్వాత వాచీ అంకె కొద్దికొద్దిగా దిగుతూ వచ్చింది. అతని నోట్లోని మూడు మాత్రం మూడుగానే ఉంది.

ఒక సాయంత్రం కూరగాయల వంక పెట్టుకుని ఆటోలో జిమ్ ముందు నుంచి వెళ్ళింది. అతని స్కూటర్ బయటే ఉంది. అంటే జిమ్‌కి రావడం నిజమే. వచ్చి ఏం చేస్తున్నాడు? సగం సేపు నడిచి, మిగతా సగం బల్ల మీద కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నాడా? ఎవరితో? ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి గురించి ఇలాంటి ఆలోచన వచ్చినందుకు ఆమెకు సిగ్గేసింది. ఆలోచన మాత్రం పోలేదు.

ఆమె రేపల్లె హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతుంది. స్టాఫ్ రూములో సోషల్ మాస్టారు సామ్యేలు చేతికీ అలాంటి వాచీ ఉంది. మధ్యాహ్నం కారియర్లు విప్పుకున్నాక, ఎవరి సంగతో అన్నట్టుగా అడిగింది.

"మాస్టారూ, ఈ వాచీల లెక్క నమ్మొచ్చంటారా?"

"ఎందుకు నమ్మకూడదండి? దొంగలకి కూడా న్యాయంగా లెక్క చెబుతుంది" అన్నాడు సామ్యేలు. "మా బావమరిది ఆఫీసులో నడక పందెం పెట్టారు. వీడు వాచీ తీసుకెళ్ళి మా చెల్లెలి కొడుకు ఉయ్యాల తాడుకి కట్టాడు. పిల్లోడు నిద్రపోయేసరికి వీడు బాపట్ల దాకా నడిచినట్టు పడింది."

అందరూ నవ్వారు. అపర్ణ కూడా నవ్వినట్టు చేసి, "ఎక్కువ చూపించడం సరే. తక్కువ చూపిస్తే?" అంది.

"తక్కువ చూపించడానికి దొంగతనం ఎవరు చేస్తారు మేడమ్? తక్కువ చూపించిందంటే తక్కువ నడిచినట్టే. కారియర్‌లో అన్నం మాయమైతే ఎవరో తిన్నట్టే కదా." అలా అంటూ ఆమె గిన్నెలోంచి ఒక వడియం తీసుకున్నాడు.

రైల్లో తిరిగి వస్తూ ఆ మాటే నెమరేసుకుంది. తక్కువ చూపించిందంటే తక్కువ నడిచినట్టే.

రెండో శనివారం ఇద్దరికీ సెలవు. విజయసారథి ఉద్యోగం బాపట్లలో. ఆ రోజు తోటి ఉద్యోగి గృహప్రవేశం ఉందని పొద్దున్నే రైలెక్కాడు. వాచీ ఛార్జింగులో మర్చిపోయాడు. మర్చిపోయాడో, వదిలేసి వెళ్ళాడో. ఆమె దాన్ని తన చేతికి పెట్టుకుని జిమ్‌కి బయలుదేరింది. పిల్లలకు ఏ ప్రయోగమైనా చేయించేటప్పుడు ఆమె చెప్పేది ఒకటే: ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మిగతావన్నీ కదపకండి. అదే వాచీ, అదే మిషన్. మనిషిని మాత్రం మారుస్తుంది. తన లెక్క సరిపోయిందంటే అబద్ధం అతనిదే.

పొద్దుటి పూట అక్కడ ఆడవాళ్ళ టైము. నేర్పించే అమ్మాయి స్టెల్లా బూట్లు చూసి, మిషన్ ఎక్కించి, "చేతులు ఫ్రీగా ఊపండి ఆంటీ, నిమ్మళంగా" అని చెప్పి వెళ్ళింది. అపర్ణ చేతులు ఊపుతూ ఒక కిలోమీటరు నడిచింది. ఆగి వాచీ చూసింది. మిషన్ చెప్పిందే, వెంట్రుకవాసి తేడాతో, వాచీ కూడా చెప్పింది.

ఆమె మిషన్ మీద అలాగే నిలబడిపోయింది. అనుమానం నిజమైతే కోపం వస్తుందనుకుంది. కోపం రాలేదు. దిగబోయి, మళ్ళీ ఒకసారి వాచీ చూసింది.

పక్క మిషన్ మీద డెబ్భై ఏళ్ళ నాగేశ్వరమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ముందున్న రాడ్డును రెండు చేతులా పట్టుకుని నడుస్తోంది.

"చూశావా అమ్మాయ్, ఈ గడియారం పని!" అంది అపర్ణతో. "మా అబ్బాయి కొనిపెట్టాడు. పొద్దుట్నించీ కాళ్ళు పడిపోయేలా నడుస్తున్నానా, ఇదేమో నేను మంచం దిగలేదంటోంది. వాడు సాయంత్రం ఫోన్ చేసి తిడతాడు."

"ఆ రాడ్డు వదిలి నడవండి మామ్మగారూ, రోజూ చెబుతూనే ఉన్నా" అంది స్టెల్లా దూరం నుంచి.

"వదిల్తే పడతానే! పడితే నువ్వు ఎత్తుతావా, మీ ఆయన ఎత్తుతాడా?"

"చెయ్యి కదిలితేనే దానికి తెలుస్తుంది, మీరు నడుస్తున్నారని."

"నడిచేది కాళ్ళయితే చెయ్యి చూస్తుందేంటి, దీని మొహం మండ!"

జిమ్‌లో ఆడవాళ్ళందరూ నవ్వారు. అపర్ణకు నవ్వు రాలేదు. ఇందాక ఆమె మార్చింది ఒక్కటి కాదు. మనిషితోపాటు నడిచే తీరు కూడా మారింది. మళ్ళీ మిషన్ ఆన్ చేసి, ఈసారి రాడ్డును రెండు చేతులా గట్టిగా పట్టుకుని అంతే దూరం నడిచింది. మిషన్ కిలోమీటరు అంది. వాచీ అందులో సగం కూడా చెప్పలేదు.

అబద్ధం లేదు. అతను మూడూ నడుస్తున్నాడు, పట్టుకుని నడుస్తున్నాడు. పొలం గట్ల మీద పరుగెత్తుతూ పెరిగిన మనిషి, ఉగాది దాకా చేతులు ఊపుతూ నడిచిన మనిషి, ఇప్పుడు పట్టుకోవలసిన అవసరం ఏమొచ్చింది?

అక్కడే బల్ల మీద కూర్చుని ఫోన్ తెరిచింది. ఇన్నాళ్ళూ దూరం అంకె ఒక్కటే చూసింది. దాని కింద గుండె వేగం చూపే గీత ఉంది. ఆ గీత ఉగాది ముందు ఒక ఎత్తున సాగింది. తర్వాత, వాచీ తక్కువ చూపించిన రోజుల్లో, అంతకంతకూ పైకి ఎక్కింది. బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పే మనిషి గుండె అలా ఎక్కదు.

సాయంత్రం ఆమె తెనాలి స్టేషన్‌కి వెళ్ళి, వంతెన మెట్లు కనపడేచోట నిలబడింది. ఫోన్ చేయలేదు. చేస్తే అతను జాగ్రత్తపడతాడు.

బాపట్ల వైపు నుంచి బండి వచ్చింది. జనం బిలబిలా వంతెన ఎక్కి ఇటు దిగి పోయారు. అందరూ పోయాక విజయసారథి కనిపించాడు. ఒక చెయ్యి కమ్మీ మీద వేసి ఒక్కొక్క మెట్టే దిగుతున్నాడు. సగంలో ఆగి, ఫోన్ తీసి, దానివంక చూస్తూ నిలబడ్డాడు. ఫోన్ వెలగనే లేదు.

ఆమెను చూడగానే గబగబా రెండు మెట్లు దిగాడు. "నువ్వేంటి ఇక్కడ?"

"ఎందుకు ఆగారు?"

"సిగ్నల్ రావట్లేదు."

"మిషన్ మీద కూడా సిగ్నల్ కోసమేనా రాడ్డు పట్టుకుంటోంది?"

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పక్కనే ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. నుదుటి నిండా చెమట. ఆమె పక్కన కూర్చుంది.

"ఛాతీలో పట్టేసినట్టు ఉంటోంది" అన్నాడు. "ఆగితే సర్దుకుంటుంది."

"మరి ఆగకుండా మూడు కిలోమీటర్లు ఎందుకు నడిచారు?"

"నువ్వు రోజూ ఫోన్ చూస్తావుగా. తగ్గితే ఎందుకంటావు. ఎందుకో చెబితే ఆస్పత్రి అంటావు." నుదురు తుడుచుకున్నాడు. "నువ్వు మళ్ళీ ఆ ఆస్పత్రి వరండాలో కూర్చోవడం నేను చూడలేను అపర్ణా."

తను అంకె చూస్తుందని అతను అంకె పూర్తి చేశాడు. ఆమె అతని చేతి సంచీ తీసుకుని లేచింది.

తెనాలిలో డాక్టరు ఈసీజీ కాగితం దీపం కింద పెట్టి చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి ఉందండీ నొప్పి?"

విజయసారథి భార్యవైపు చూశాడు. ఆమె గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఈ జవాబు అతనే చెప్పాలి.

"ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచి" అన్నాడు.

"నడిస్తేనేనా?"

"మొదట నడిస్తేనే. ఇప్పుడు అన్నం తిన్నా వస్తోంది. మొన్న పడుకున్నాక కూడా వచ్చింది. ఈవిడ నిద్రపోతోంది, లేపలేదు."

ఈ రాత్రికే గుంటూరు వెళ్ళాలన్నాడు డాక్టరు. రక్తనాళాలు మూసుకుపోతున్నట్టుంది, పూర్తిగా మూసుకోకముందే వచ్చారు, మంచిదే అయింది అంటూ ఒక ఆస్పత్రి పేరు చెప్పాడు. విజయసారథి తల అడ్డంగా ఊపాడు. అది సునీలను చేర్చిన ఆస్పత్రి అని డాక్టరుకు తెలియదు.

"వేరే ఆస్పత్రికి రాయండి డాక్టరుగారూ" అంది అపర్ణ.

కారు ఊరు దాటింది. వెనక సీట్లో అతను తలగడకి ఆనుకుని ఉన్నాడు.

"ఇంకా ఏం చెప్పలేదు నాకు?" అని అడిగింది.

ఆఫీసు మెట్ల సంగతి చెప్పాడు. నీళ్ళ డబ్బా ఎత్తలేక పక్కింటి కుర్రాణ్ణి పిలిచిన సంగతి చెప్పాడు. ఎడమ చెయ్యి లాగడం చెప్పాడు.

"ఇంకా?"

"ఇంకేం లేదు."

ఆమె అతని మొహంలోకి చూస్తూనే ఉంది. ఎదురుగా వస్తున్న లారీ వెలుగు లోపలికి పడి, పోయింది.

"భయంగా ఉంది" అన్నాడు విజయసారథి.

"నాకూ" అంది అపర్ణ.